మెడలో బిళ్ల మీద ముద్దుపేరు: ఏ మాట చెక్కించాలి, ఏ లోహం నిలబడుతుంది

పేరు బిళ్ల ఆర్డరు పెట్టేటప్పుడు ‘కుక్క పేరు’ అన్న గడి దగ్గర చాలామంది ఆలోచించకుండా టీకా కార్డులో ఉన్న పేరే రాసేస్తారు. కార్డులో మాక్సిమస్ అని ఉంటుంది. ఇంట్లో మాత్రం పొద్దున లేచింది మొదలు బుజ్జి, బుజ్జీ, బుజ్జిగా. మాక్సిమస్ అన్న మాట ఆ కుక్క చెవిన పడేది డాక్టరు దగ్గర, అదీ సూది వేసేటప్పుడు. గేటు తెరిచి ఉన్న రోజున అది బయటపడి తప్పిపోతే, ఎవరో దొరకబుచ్చుకుని బిళ్ల చూసి ‘మాక్సిమస్’ అంటే ఇంకాస్త బెదురుతుంది తప్ప నిలబడదు. బిళ్ల ఎంత మంచిదైనా మాట తప్పయితే సగం పని చేయదు. అందుకే ఈ సమీక్షలో లోహాల కంటే ముందు మాటల సంగతి.

బిళ్ల చదవాలంటే కుక్క ముందే చేతికి అందాలి కదా, ఇక పేరెందుకు అని కొందరంటారు. పేరుకు పని పడేది సరిగ్గా అప్పుడే. ఫోన్ చేసిన దగ్గర్నుంచి మీరు అక్కడికి చేరేదాకా ఆ కొత్తమనిషి దాన్ని పట్టి ఉంచాలి. తాడు ఉండదు, తలుపున్న గది ఉండకపోవచ్చు. ఆ అరగంటా దాన్ని ఊరడించడానికి ఆయన చేతిలో ఉన్నది ఆ ఒక్క మాటే.

తెలుగు ఇళ్లలో కుక్కకు పడే ముద్దుపేర్లన్నీ ఒక తీరువి కావు. బుజ్జి, చిట్టి, కన్నా, పండు, చంటి, బంగారం లాంటివి పసిపిల్లల్ని పిలిచే మాటలు, దానికీ వచ్చేస్తాయి. నల్లోడు, బొచ్చోడు, బొద్దు, బుడ్డోడు ఒంటి తీరును బట్టి పుడతాయి. టామీగాడు, జూలమ్మ అసలు పేరుకు తోక తగిలించినవి. దొంగమొహం, కోతి, వెధవాయి లాంటివి తిట్టులోంచి పుట్టిన ముద్దు. గ్రామసింహం అనేది ఆటపట్టించే మాట, భౌభౌ అనేది పసివాళ్లకు కుక్కను చూపించే మాట. వీటితో దాన్ని ఎవరూ పిలవరు. శునకం, జాగిలం ఎలాగూ రాతలో బతికే మాటలే.

వీటిలో బిళ్ల మీదికి మొదటి తీరువే సరైనవి. కారణం చెప్తాం. 2016లో బుడాపెస్ట్‌లోని ఎయోట్వోష్ లోరాండ్ విశ్వవిద్యాలయం వాళ్లు మెలకువగా ఉన్న కుక్కలను ఎంఆర్ఐ స్కానర్‌లో కదలకుండా పడుకునేలా అలవాటు చేసి, మెచ్చుకోలు మాటలను రకరకాల గొంతుల్లో వినిపించారు. మెచ్చుకోలు మాట మెచ్చుకునే గొంతుతో వచ్చినప్పుడే మెదడులో సంతోషానికి సంబంధించిన భాగాలు కదిలాయి. మాట ఉండి గొంతు చప్పగా ఉన్నా, గొంతు ముద్దుగా ఉండి మాట అర్థం లేనిదైనా ఆ కదలిక రాలేదు. బిళ్ల మీద మాటనైతే చెక్కగలం, గొంతును చెక్కలేం. అయితే బుజ్జి, చిట్టి, కన్నా లాంటి మాటలు గొంతును తమ వెంట తెచ్చుకుంటాయి. తెలుగు వచ్చిన మనిషి ‘బుజ్జీ’ అని కఠినంగా అనడం కష్టం, నోరు దానంతటదే మెత్తబడుతుంది. ‘టైగర్’ అని చదివితే పిలుపు గద్దింపులా వచ్చే అవకాశమే ఎక్కువ. ముద్దుపేరు చెక్కించమనడానికి మేం చూసే అసలు కారణం ఇదే.

తిట్టు ముద్దులు ఇంట్లో ఎంత తియ్యగా ఉన్నా బిళ్ల మీద వద్దు. ‘దొంగమొహం’ అని చదివిన కొత్తమనిషి దాన్ని ఆ మాటతో పిలవడానికి వెనకాడతాడు, పిలిచినా ఆ గొంతు రాదు.

‘గాడు’ చేర్చాలా? అక్కర్లేదు. బుజ్జిగాడు తిన్నాడా అని మనం దాని గురించి చెప్పుకునేటప్పుడు వచ్చే రూపం అది. పిలిచేటప్పుడు బుజ్జీ, బుజ్జిగా అవుతుంది. మొదటి ముక్క మారదు కాబట్టి ‘బుజ్జి’ చెక్కిస్తే చాలు, చివరి దీర్ఘం చదివేవాళ్ల నోట్లో దానంతటదే వస్తుంది. ‘బంగారం’ మాత్రం సున్నాతో ముగుస్తుంది, దూరానికి సాగదు. అందుకే పిలుపులో చాలామంది ‘బంగారూ’ అంటారు. మీ ఇంట్లోనూ అలాగే అంటే ‘బంగారు’ అనే చెక్కించండి.

మాటను ఎంచుకునేటప్పుడు జరిగే పొరపాట్లు మూడు. మొదటిది, ఇంట్లో పిల్లల్నీ అదే మాటతో పిలవడం. పసివాడినీ ‘నాన్నా’, ‘కన్నా’ అంటూ కుక్కనూ అలాగే అంటుంటే, రోజుకు పదిసార్లు తనది కాని పిలుపు దాని చెవిన పడుతుంది. తల తిప్పడం క్రమంగా మానేస్తుంది. అలాంటి ఇంట్లో ఎంత ముద్దుగా ఉన్నా ‘కన్నా’ బిళ్లకు పనికిరాదు.

రెండోది, ఆజ్ఞకు ప్రాసగా ఉండే పేరు. ముద్దు, బొద్దు రెండూ ‘వద్దు’కు అతి దగ్గర. బుడాపెస్ట్ పరిశోధకులే 2020లో కుక్కలకు తెలిసిన ఆజ్ఞల్లో ఒక్క ధ్వని మార్చి వినిపించి మెదడు తరంగాలు కొలిచారు. బొత్తిగా సంబంధం లేని ధ్వనుల్ని వేరుగా పట్టుకున్న మెదడు, ఒక్క ధ్వని మారిన మాటను అసలు ఆజ్ఞ నుంచి వేరు చేసినట్టు కనబడలేదు. ‘ముద్దూ’ అని పిలిచినప్పుడు మీ కుక్క ఆగిపోయి చెవులు వెనక్కి పెడితే అది మొండితనం కాదు, దానికి ‘వద్దు’ వినబడి ఉండొచ్చు. అలాగే పడుకోబెట్టడానికి ‘పండుకో’ అనే ఇళ్లలో ‘పండు’ అన్న పేరు చిక్కు తెస్తుంది. పేరు మార్చడం కష్టమనిపిస్తే ఆజ్ఞను మార్చండి. ‘వద్దు’ బదులు ‘ఆగు’ అలవాటు చేయడానికి రోజూ ఐదు నిమిషాల చొప్పున కొన్ని వారాలు పడుతుంది.

మూడోది మన భాషకే ప్రత్యేకమైన చిక్కు: ‘రా’. దగ్గరికి రమ్మనే ఆజ్ఞా అదే, చనువుగా మాట చివర తగిలించేదీ అదే. ‘ఏం చేస్తున్నావురా’, ‘తిన్నావురా’, ‘ఏంట్రా ఆ చూపు’ అని రోజంతా అంటుంటే ఆ ధ్వనికి పదును పోతుంది, దానికి రమ్మన్న అర్థం మిగలదు. పిలవడానికి ‘దా’ గానీ ‘ఇటు’ గానీ విడిగా పెట్టుకోండి. బిళ్ల వెనక చోటుంటే ‘దా అంటే వస్తుంది’ అని చిన్నగా చెక్కించవచ్చు. ఇది అలంకారం కాదు, దొరకబుచ్చుకున్న మనిషికి నిజంగా పనికొచ్చే సమాచారం.

సందడిలో పేరు వినబడుతుందా అన్న అనుమానానికీ జవాబుంది. 2019లో మేరీలాండ్ విశ్వవిద్యాలయం వాళ్లు, వెనక పలువురి మాటలు పేరు పలికినంత గట్టిగానే వినిపిస్తున్నా కుక్కలు తమ పేరును గుర్తుపడుతున్నాయని చూపించారు. అలవాటైన మాటకే ఆ శక్తి ఉంటుంది, కార్డులోని పేరుకు ఉండదు.

పేరు బయటికి కనబడితే దొంగలు ఆ పేరుతోనే పిలిచి తీసుకుపోతారనే భయం కొందరిది. ఆ భయం ఉన్నవాళ్లు పేరును ఫోన్ నంబరు ఉన్న వైపే, లోపలికి ఉండేలా పెట్టించుకోవచ్చు. మా లెక్కలో, దొంగ చేతికి పేరు దొరకడం వల్ల జరిగే నష్టం కంటే, బెదిరిన కుక్కకు తెలిసిన మాట ఒకటి వినబడటం వల్ల కలిగే మేలే ఎక్కువ.

ఇక బిళ్ల విషయం. దొరికే వాటిలో స్టెయిన్‌లెస్ స్టీలుదే మొదటి స్థానం, అదీ 1.5 మి.మీ. మందం ఉన్నది. 1 మి.మీ. మందానివి చవకగా దొరుకుతాయి గానీ కొరికితే వంగుతాయి, అంచు పదునుగా ఉండి మెడ దగ్గర బొచ్చును కోస్తుంది. 25 మి.మీ. వ్యాసం ఉన్న గుండ్రటి స్టీలు బిళ్ల సుమారు 6 గ్రాములు, 32 మి.మీ.ది 10 గ్రాములకు కాస్త తక్కువ, 38 మి.మీ.ది 14 గ్రాముల లోపు. అదే కొలతల్లో అల్యూమినియం మూడో వంతు మాత్రమే తూగుతుంది. ఐదు కిలోల లోపు కుక్కకు 25 మి.మీ. చాలు. మధ్యరకానికీ పెద్దదానికీ 32 మి.మీ. సరిపోతుంది. 38 మి.మీ. తెలుగులో పొడుగు పేరుంటే తప్ప అక్కర్లేదు.

స్టీలులో 304, 316 అని రెండు రకాలు ఎక్కువగా వస్తాయి. 316లో రెండు మూడు శాతం మాలిబ్డినం అనే లోహం ఉంటుంది కాబట్టి ఉప్పునీటికి బాగా తట్టుకుంటుంది. సముద్రంలో ఈదే కుక్కకు అది తీసుకోండి, మిగతా వాటికి 304 చాలు. అయస్కాంతం పెట్టి చూస్తే ఈ రెండూ దాదాపు అంటుకోవు. గట్టిగా అంటుకుంటే అది ఇనుము మీద పూత అయినా కావాలి, 430 లాంటి తక్కువరకం స్టీలైనా కావాలి. అంటుకోకపోయినంత మాత్రాన మంచి స్టీలని తేలిపోదు. ఇత్తడి, జింకు మిశ్రమం కూడా అంటుకోవు.

స్టీలు మీద లేజర్ గుర్తు రెండు రకాలని చాలామందికి తెలియదు. ఒకటి లోహాన్ని వేడిచేసి పైపొరను నల్లగా మార్చేది. చూడ్డానికి అచ్చంగా ముద్రించినట్టు అందంగా ఉంటుంది, లోతు మాత్రం సున్నా. నేలకూ గిన్నెకూ రాసుకుని కొన్నాళ్లకు చెరుగుతుంది. రెండోది లోహాన్ని తొలిచి గాడి చేసేది. తేడా గోటికి తెలుస్తుంది: అక్షరం మీద గోరు అడ్డంగా లాగితే తట్టుకోవాలి. 0.2 మి.మీ. లోతున్నా నల్లరంగు పోయాక కూడా అక్షరం చదవగలం. ఆర్డరు పెట్టేటప్పుడు ‘లోతుగా చెక్కినది కావాలి’ అని ప్రత్యేకంగా అడగండి. అడగకపోతే వచ్చేది ఎక్కువగా మొదటి రకమే.

ఇత్తడి చెక్కడానికి అనువైనది, అక్షరం అంచులు నిండుగా పడతాయి. మెత్తటిది కాబట్టి అరుగుతుంది, తడి తగిలితే పచ్చటి చిలుము పట్టి తెల్లబొచ్చు మీద మరక వేస్తుంది. నెలకోసారి తోమే ఓపిక ఉన్నవాళ్లకే. బంగారు రంగు అని అమ్మేవాటిలో చాలావరకు జింకు మిశ్రమం మీద పూత వేసినవి. ఇత్తడి ధర పెట్టి అవి కొనకండి, పూత లేచాక రింగు రంధ్రం దగ్గరే విరుగుతాయి.

రంగురంగుల అల్యూమినియం బిళ్లలు తేలిక, చిన్న కుక్కకు హాయి. కానీ వాటి రంగు మైక్రాన్లలో కొలిచే పలుచని పొర. లేజర్ ఆ పొరను తీసేస్తే కింది వెండి రంగు అక్షరంగా కనబడుతుంది. గీతలు పడ్డప్పుడు బయటపడేదీ అదే వెండి రంగు. అంటే గీతలూ అక్షరాలూ ఒకే రంగులో కలిసిపోతాయి. పొదల్లో దూసుకుంటూ తిరిగే కుక్కకు ఏడాది తిరక్కుండానే చదవడం కష్టమవుతుంది. బొమ్మ ముద్రించి పైన ఎపాక్సీ (గట్టిపడే పారదర్శక జిగురు) పోసినవి ఎండకు పసుపెక్కుతాయి, అంచు లేచి నీరు దిగితే సిరా చెదిరిపోతుంది. ముద్దుగా ఉంటాయి నిజమే, కానీ పని మాత్రం చేయవు.

తెలుగు అక్షరాలు చెక్కించడం దగ్గరే అసలు ఇబ్బంది, విక్రేతల మధ్య తేడా తేలేదీ ఇక్కడే. ముద్దుపేర్లు ఎక్కువగా ద్విత్వాలతో ఉంటాయి: బుజ్జిలో జ్జ, చిట్టిలో ట్ట, చిన్నిలో న్న. ఇంగ్లీషు అక్షరాల కోసం తయారైన చెక్కుడు సాఫ్ట్‌వేర్‌లలో కొన్ని ఒత్తును అక్షరం కిందికి చేర్చలేవు. పొల్లు విడిగా నిలబడి, రెండో అక్షరం పక్కన పడుతుంది, గుడి ఇంకెక్కడో తేలుతుంది. యంత్రం చెడి కాదు, ఫాంటులోని కూర్పు నియమాలను సాఫ్ట్‌వేర్ చదవలేకపోవడం వల్ల. దీనికి విరుగుడు సులువే. ఇంక్‌స్కేప్ లాంటి బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో పేరు టైపు చేసి, అక్షరాలు సరిగ్గా కూడాయని చూసుకుని, ఆ పాఠాన్ని పాత్‌గా మార్చి ఎస్‌వీజీ ఫైలుగా పంపండి. అప్పుడది అక్షరం కాదు, బొమ్మ. ఏ యంత్రమైనా ఉన్నది ఉన్నట్టు చెక్కుతుంది. బొమ్మ ఫైలు తీసుకోని చోట తెలుగు చెక్కించుకోకపోవడమే మేలు. చెక్కే ముందు నమూనా చూపించమని అడగండి, అందులో ఒత్తులు లెక్కపెట్టి ‘సరే’ అనండి.

డైమండ్ మొనతో గీసే యంత్రాలకు ఇంకో ఇబ్బంది ఉంది. మామూలు ఫాంటులో అక్షరం అంటే దాని చుట్టూ ఉన్న అంచు. మొన ఆ అంచు వెంటే నడుస్తుంది కాబట్టి ఒక్క గీత ఉండాల్సిన చోట రెండు సన్నగీతలు, మధ్యలో ఖాళీ. చిన్న సైజులో ఆ రెండూ కలిసిపోయి ధ, ద తేడా తెలియదు, ప తలకట్టు కిందికి తగిలి వలా కనబడుతుంది. తెలుగుకు లేజరే తీసుకోండి. ఒత్తు కాకుండా అసలు అక్షరం ఎత్తు కనీసం 4 మి.మీ. ఉండాలి, కింద ఒత్తుకు ఇంకో 2 మి.మీ. వదలాలి. సన్నని చేతిరాత ఫాంట్లు వద్దు, గీత మందం అంతటా ఒకేలా ఉన్నవి ఎంచుకోండి. ఈ లెక్కన 25 మి.మీ. బిళ్ల మీద ‘బుజ్జి’, ‘పండు’ హాయిగా పడతాయి, ‘చిన్నోడు’ కొద్దిగా ఇరుకు, ‘బంగారుతల్లి’ 32కు తగ్గితే కుదరదు.

చుట్టుపక్కల తెలుగు చదవలేనివాళ్లు ఎక్కువుంటే ఇంగ్లీషు అక్షరాలు తప్పవు. అక్కడ నష్టం ఏమిటంటే చిట్టి కాస్తా చితిగా, పండు కాస్తా పాండుగా చదవబడొచ్చు. ట, త తేడా ఆ లిపిలో లేదు, దీర్ఘం కూడా ఊహించుకోవాల్సిందే. రెండు లిపుల్లోనూ చెక్కించడానికి చోటుంటే తెలుగు పైన, ఇంగ్లీషు కింద.

వెనకవైపు ఫోన్ నంబరు, వీలైతే రెండు, వేర్వేరు మనుషులవి. అంకెలు 3 మి.మీ. కంటే చిన్నవైతే 3, 8, 6 ఒకదానిలా ఒకటి కనబడతాయి. క్యూఆర్ గుర్తు ఉన్న బిళ్లలు అదనంగా అయితే పర్వాలేదు. అది చదవడానికి ఫోనూ నెట్టూ ఉండాలి, ఆ సేవ నడిపేవాళ్లు మూసేస్తే గుర్తు వట్టి గళ్లు. చర్మం కింద చిప్ ఉన్నా బిళ్ల ఉండాల్సిందే. చిప్‌లోని 15 అంకెలు రీడరు ఉన్నచోటే బయటపడతాయి. చెవుడున్న కుక్కకైతే పేరు బదులు ‘వినబడదు’ అని పెద్దగా చెక్కించండి. లేకపోతే ఎదుటివాళ్లు పేరు పెట్టి అరుస్తూనే ఉంటారు.

బిళ్లలు పోయేది చాలాసార్లు బిళ్ల వల్ల కాదు, రింగు వల్ల. ఎస్ ఆకారపు కొక్కెం చాపలో, కంచెలో చిక్కుకుని తెరుచుకుంటుంది. ఒక్క చుట్టు రింగు కీలు విడిపోతుంది. తాళంచెవులకు వాడే రెండు చుట్ల స్టీలు రింగే వాడండి, వేలితో విడదీయడం కష్టంగా ఉండాలి. బిళ్ల రంధ్రానికీ అంచుకూ మధ్య కనీసం 2 మి.మీ. లోహం ఉండాలి. స్టీలు రింగు అల్యూమినియం రంధ్రాన్ని కోసుకుంటూ పోతుంది, నెలకోసారి చూడండి. రంధ్రం గుండ్రం పోయి కోలగా మారితే మార్చేయాల్సిందే. గలగల చప్పుడుకు బెదిరే కుక్కకు అంచు చుట్టూ రబ్బరు పట్టీ వేసినవి ఉన్నాయి. రెండు కుక్కలు మెడలు పట్టుకుని ఆడుకునే ఇంట్లో వేలాడే బిళ్లే వద్దు, బెల్టుకు అతుక్కుని ఉండే రివెట్టు పలక తీసుకోండి. దాని మీద చోటు అడ్డంగా ఎక్కువ కాబట్టి తెలుగు పేరూ బాగా పడుతుంది.

కొత్తగా తెచ్చిన కుక్కపిల్లకు వెంటనే పేరు చెక్కించకండి. మొదటి నెలంతా ఇంట్లో ఒక్కొక్కరూ ఒక్కో మాట అంటారు, వాటిలో ఒకటే చివరికి మిగులుతుంది. అప్పటిదాకా నంబరు మాత్రమే ఉన్న చిన్న బిళ్ల వేసి, ఏ మాటకు ముందు తల తిప్పుతోందో గమనించండి. అది వేరే పనిలో ఉన్నప్పుడు, వేరే గదిలోంచి, చేతిలో తినేదేమీ లేకుండా, ఇంట్లో వేర్వేరు మనుషుల చేత పిలిపించి చూడండి. పదిసార్లలో ఎనిమిదిసార్లు తిరిగిన మాటను చెక్కడానికి ఇవ్వండి.